ముప్పావుగంట దూరం

మా అత్తయ్యకి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు మా ఆయన, మధ్యది మా ఆడపడుచు, ఆఖరివాడు మా మరిది. మరిదికి ముప్పై దాటాయి. ఏ గుమ్మంలోంచి రావాలన్నా తల వంచుకోవాల్సినంత పొడుగు. అయినా ఇంటిల్లిపాదికీ ఇప్పటికీ చంటాడే. ఆడపడుచూ చంటాడూ ఉద్యోగాల కోసం మహానగరం చేరుకున్నారు. మేం మాత్రం ఈ చిన్న ఊళ్ళో, మా అద్దాల కొట్టు మీద వాటాలో, అత్తయ్యతో కలిసి ఉంటున్నాం. కింద మా ఆయన కిటికీలకీ బీరువాలకీ అద్దాలు కోస్తాడు. నేను ఫొటోలకి ఫ్రేములు కడతాను.

అత్తయ్య బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చుని రిటైరైంది. ఏ ఊరు ఎంత దూరమో వచ్చేపోయే జనానికి చెబుతూ వయసంతా గడిపిన మనిషి. ఆవిడ లెక్కలో దూరమన్నది ఊరికీ ఊరికీ మధ్య ఉండేది. ఒకే ఊళ్ళో ఉన్న ఇద్దరి మధ్య దూరమేమిటి? అంచేత పిల్లలిద్దరూ ఒకే చోట ఉన్నారని ఆవిడకి చెప్పలేనంత నిశ్చింత.

ఆ నిశ్చింతకి ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్లో నీళ్ళు పోసేవాళ్ళు. ముందు ఆడపడుచు చేసేది. "ఇప్పుడే తిని వెళ్ళాడమ్మా చంటాడు. కూర రెండోసారి అడిగి వేయించుకున్నాడు" అనేది. కాసేపాగి చంటాడు చేసేవాడు. "అక్కావాళ్ళింట్లో భోజనం చేసి బయల్దేరానమ్మా, కడుపు పగిలిపోతోంది" అనేవాడు. అత్తయ్య ఫోను పెట్టేసి, తనే తిన్నంత తృప్తిగా చీరకొంగుతో మూతి తుడుచుకునేది.

ఇలా ఉండగా నగరంలో అద్దాల వ్యాపారుల ప్రదర్శన పెడుతున్నారని మా ఆయనకి తెలిసింది. కొత్త యంత్రాలూ కొత్త రకాల అద్దాలూ అన్నీ అక్కడే చూపిస్తారట. వెళ్ళి తీరాలన్నాడు. అత్తయ్య కూడా చెప్పులు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"అమ్మాయింట్లో దిగుదాం. సాయంత్రాలు అలా నడుచుకుంటూ చంటాడి గదికి వెళ్ళొద్దాం. వాడికి మాత్రం ముందు చెప్పకండి. ఉన్నట్టుండి వెళ్ళి గుమ్మంలో నిలబడితే వాడి మొహం చూడాలి నేను."

మహానగరాన్ని నేను టీవీలో తప్ప చూసి ఎరగను. టీవీలో అది ఎప్పుడూ పైనుంచే కనిపిస్తుంది. ఎందుకలా తీస్తారో అక్కడికి వెళ్ళాక అర్థమైంది. కిందినుంచి తీస్తే ముందున్న లారీ వెనకభాగం తప్ప ఏమీ కనపడదు.

రైలు బయల్దేరిన మర్నాడు, ఆదివారం మధ్యాహ్నం, "సిటీ వచ్చేసింది" అన్నారెవరో. పెట్టెలో అందరూ లేచి సామాన్లు దించుకున్నారు. మేమూ దించుకుని వరసలో నిలబడ్డాం. కిటికీలోంచి మేడలు, మేడల సందుల్లోంచి వెనక మేడలు, ఆ వెనక ఇంకా గోడలు లేవని మేడలు. నిలబడి నిలబడి కాళ్ళు లాగి ఒక్కొక్కళ్ళం మళ్ళీ కూర్చున్నాం. అత్తయ్య సంచీ ఒళ్ళో పెట్టుకుని ఒక కునుకు తీసి లేచింది.

"ఏ ఊరొచ్చిందే?"

"అదే ఊరు అత్తయ్యా."

"ఇంకా?"

"ఇంకా."

స్టేషన్‌కి ఆడపడుచు భర్త కారేసుకుని వచ్చాడు. నాకు వరసకి అన్నయ్య. లిఫ్టులు బిగించే కంపెనీలో సర్వీసు మేనేజరు. మంచి మనిషి, కానీ ఆ ఊరిని తనే కట్టించినట్టు మాట్లాడతాడు. ఇల్లు ఎంత దూరమని మా ఆయన అడిగితే "ఎంత బావగారూ, ముప్పావుగంట" అన్నాడు.

ఆ ముప్పావుగంటలో మేము ఒక వంతెన ఎక్కాం. దాని మీదుగా ఇంకో వంతెన పోతోంది. దాని మీద రైలు పోతోంది, అంటే పోవాల్సింది, అదీ ఆగే ఉంది. ఎవరి అంతస్తులో వాళ్ళు బుద్ధిగా ఆగి ఉన్నారు. "చూశారా, మూడు లెవెల్సు!" అని అన్నయ్య స్టీరింగు వదిలేసి మరీ చూపించాడు. వదిలేసినా ప్రమాదమేం లేదు, కారు కదిలితే కదా.

తర్వాత తర్వాత నాకు తెలిసిందేమిటంటే, ఆయనకి ఏదైనా ముప్పావుగంటే. ఆస్పత్రి ముప్పావుగంట, ఆఫీసు ముప్పావుగంట, విమానాశ్రయం ముప్పావుగంట. అబద్ధం చెప్తున్నాడని కాదు. ఎప్పుడో ఒకనాడు, ఊరంతా ఏ కారణం చేతనో ఇళ్ళల్లో ఉండిపోయినప్పుడు, ఆయన నిజంగానే అంతసేపట్లో వెళ్ళి ఉంటాడు. ఆ తీపి జ్ఞాపకం పట్టుకుని బతుకుతున్నాడు.

మా ఆయన మాత్రం కిటికీకి అతుక్కుపోయాడు. దారి పొడుగునా అద్దాల భవనాలు. నిలువునా అద్దం, అడ్డంగా అద్దం, ఒక భవనమైతే మూల మలుపు కూడా అద్దమే. "వంపు తిరిగిన అద్దం! ఇంత సైజులో! దీన్ని లారీలో ఎలా తెచ్చుంటారు?" అని నన్ను గిల్లాడు. పెళ్ళిచూపుల్లో కూడా నావంక అలా చూడలేదు.

ఆడపడుచు వాళ్ళుండే మేడల సముదాయానికి సరస్సు పేరు పెట్టారు. గేటు మీద రెండు సిమెంటు హంసలు కూడా ఉన్నాయి. సరస్సు ఎక్కడన్నయ్యా అని అడిగాను.

"మనం నిలబడ్డ చోటే చెల్లెమ్మా. పూడ్చి కట్టారు."

రెండు లిఫ్టుల్లో ఒకటి పనిచెయ్యదు. దాని తలుపు మీద కాగితం అతికించి ఉంది. "మా కంపెనీది కాదు" అన్నాడు అన్నయ్య, ఎంతో సంతోషంగా. పనిచేసే లిఫ్టు కోసం వరసలో నిలబడి పధ్నాలుగో అంతస్తు చేరాం.

ఆడపడుచు బ్యాంకులో పనిచేస్తుంది. సెలవు రోజైనా ఏదో ఆఫీసు ఫోను చెవి దగ్గర పెట్టుకునే తలుపు తీసి, తల్లిని ఒంటిచేత్తో కావలించుకుంది. ఇల్లు చిన్నదే కానీ ముచ్చటగా ఉంది. వంటింట్లో ఇద్దరుంటే ఒకరు లోపలికి వెళ్ళాలంటే ఇంకొకరు బయటికి రావాలి. బాల్కనీ మాత్రం బాగుంది. సాయంత్రమయ్యేసరికి ఆ బాల్కనీలోంచి చూస్తే చూపు ఆనినంత మేరా దీపాలు. ఒక్కొక్క కిటికీ వెలుగుతూ, ఎక్కడో ఒకటి ఆరుతూ, ఇంకోటి వెలుగుతూ. నిజం చెప్పొద్దూ, అంతసేపూ వెక్కిరించిన దాన్ని, నోరు మూతపడింది. ఆ మాట బయటికి అంటే అన్నయ్య ఇంకో మూడు వంతెనలు చూపిస్తాడని ఊరుకున్నాను.

"ఇవాళ ఆదివారమేగా. చంటాడే వస్తాడు భోజనానికి! మనం వెళ్ళక్కర్లేదు" అంది అత్తయ్య, కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ.

ఆడపడుచు చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది.

"ఇవాళ రానన్నాడమ్మా. ఏదో పనుందట."

"అదేమిటే, ప్రతి వారం వచ్చేవాడు..."

"ఎవరూ?" అన్నాడు అన్నయ్య, కంచాలు తెస్తూ.

ఆడపడుచు బల్ల చాటుగా కాలు విసిరింది. ఆయన్ని తన్నబోయి, పక్కనే గ్లాసులు సర్దుతున్న నన్ను తన్నింది. నేను కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా చిరునవ్వు నవ్వాను. కోడలిగా నాకు ఆమాత్రం అనుభవం ఉంది.

అందరం తినడానికి కూర్చున్నాం. రెండు ముద్దలు తిన్నామో లేదో అత్తయ్య ఫోను మోగింది. చంటాడు. అత్తయ్య కుడిచెయ్యి ఎంగిలి కాబట్టి ఎడంచేత్తో స్పీకరు నొక్కింది. ఏమీ మాట్లాడొద్దని మా అందరికీ సైగ చేసి, నవ్వాపుకుంటూ "చెప్పరా" అంది.

"ఏం లేదమ్మా. ఇప్పుడే అక్కావాళ్ళింట్లో తిని బయల్దేరాను."

అందరి చూపులూ ఆడపడుచు మీదికి వెళ్ళాయి.

"ఏం వండిందిరా అక్క?" అంది అత్తయ్య, ఎంక్వయిరీ కిటికీ గొంతుతో.

"ఏదో కూరమ్మా. బాగుంది. రెండోసారి కూడా వేసింది."

"బావేం చేస్తున్నాడు?"

"టీవీ చూస్తున్నాడమ్మా."

బావ నోట్లో ముద్ద పెట్టుకుని, ఆ ముద్ద నమలాలో వద్దో తెలియక ఫోను వంక చూస్తున్నాడు.

"సరే నాన్నా, జాగ్రత్తగా వెళ్ళు" అని అత్తయ్య ఫోను కట్టేసింది. తర్వాత అన్నం కలుపుకుంది. ఆవిడ అరిచి ఉంటే బాగుండేది.

"అమ్మా" అంది ఆడపడుచు చివరికి. "వాడు ఈ ఇంటికి వచ్చి రెండేళ్ళు దాటింది."

అప్పుడు బయటపడింది సంగతంతా. చంటాడు పనిచేసేది ఒక పెద్ద గోడౌన్‌లో, సరుకు ఎక్కించి దించే చోట సూపర్‌వైజరుగా. ఆ గోడౌన్ ఊరికి ఒక అంచు, ఈ సరస్సు ఇంకో అంచు. ఆదివారాలు కూడా సగం రోజు పని ఉంటుంది. మొదట్లో ఒకసారి నిజంగానే వచ్చాడు. రెండోసారి బయల్దేరి, మూడు బస్సులు మారి, నాలుగో బస్సు దొరక్క సగం దారిలోంచి వెనక్కి తిరిగాడు.

"ఆ రోజు నువ్వు ఫోన్ చేసి, వచ్చాడా, తిన్నాడా అని అంత సంబరంగా అడిగావమ్మా. రాలేదని చెప్పడానికి నోరు రాలేదు. వచ్చాడనేశాను. వాడికి ఫోన్ చేసి నువ్వూ అలాగే చెప్పమన్నాను. తర్వాత అదే అలవాటైపోయింది."

"మరి రెండోసారి కూర?"

"అదీ... కొంచెం నమ్మకంగా ఉంటుందని."

"అమ్మ వద్దన్నా, మేము వస్తున్నామని నువ్వైనా వాడికి చెప్పలేదా?" అన్నాడు మా ఆయన.

"మెసేజి పెట్టాను అన్నయ్యా, ఇవాళ ఫోన్ చెయ్యద్దని! పనిలో ఉన్నంతసేపూ ఫోన్లు లాకర్లో పెట్టాలట. బయటికొచ్చి, అది చూడకుండానే చేసినట్టున్నాడు."

అత్తయ్య కంచం తీసుకుని లేచింది. "ఇన్నాళ్ళూ వాడు ఆదివారం ఏం తిన్నట్టు?" అని మాత్రం అడిగింది.

మర్నాడు మా ఆయనా నేనూ ప్రదర్శనకి వెళ్ళాం. అదొక పెద్ద హాలు. మా ఊళ్ళో సగం వీధులు అందులో పట్టేస్తాయి. మీట నొక్కితే పాలరంగులోకి మారిపోయే అద్దం చూసి మా ఆయన కదల్లేదు. నేను చూసి చూసి విసుగొచ్చి, ఒక గంటలో వస్తానని చెప్పి ఒక్కదాన్నే బయటికొచ్చాను.

వీధిలో నడిచాను. మూల మీద కాఫీ కొనుక్కుని నిలబడి తాగాను. ఒక బట్టల దుకాణంలోకి వెళ్ళి ఏమీ కొనకుండా బయటికొచ్చాను. మా ఊళ్ళో నేను గడప దాటితే నలుగురు అడుగుతారు, ఎక్కడికీ, ఎందుకూ, ఒక్కదానివేనా అని. ఇక్కడ ఒక్క మనిషి నావంక చూడలేదు. కాసేపు హాయిగా ఉంది. ఆ కాసేపూ అయ్యాక, ఒకవేళ నేనిక్కడ కళ్ళు తిరిగి పడిపోతే జనం నన్ను తప్పించుకుని ఎంత నేర్పుగా నడుస్తారో కూడా కళ్ళకి కట్టింది. వెనక్కి తిరిగాను.

వచ్చి చూస్తే మా ఆయన పక్క భవనం ముందు సెక్యూరిటీ వాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు. ఆ భవనం అద్దాన్ని గోటితో కొట్టి, చెవి ఆనించి విన్నాడట.

"ఎన్ని మిల్లీమీటర్ల మందమో చూస్తున్నానండీ, అంతే" అంటున్నాడు.

"ఎందుకు సార్ మీకు?"

"ఊరికే."

ఊరికే అన్న మాట ఆ ఊళ్ళో ఎవరూ నమ్మరు. పై అధికారి వచ్చాడు, ఆయన పై అధికారికి ఫోన్ చేశాడు. చివరికి మా కొట్టు కార్డు చూపించి, నేను బతిమాలి, ఈయన్ని విడిపించుకుని వచ్చేసరికి సాయంత్రమైంది. ఇంటికి తిరిగొచ్చే టాక్సీలో ఈయన మెల్లిగా నా చెవిలో అన్నాడు, "రెండు పొరలు. మధ్యలో గాలి."

ఇక చంటాడి గదికి ప్రయాణం. ఆ మర్నాడు అన్నయ్యా ఆడపడుచూ సెలవు పెట్టారు. చంటాడు కూడా ఎవరి కాళ్ళో పట్టుకుని మధ్యాహ్నం నుంచి సెలవు తీసుకున్నాడు. ఫోన్లో మాట్లాడాలంటే వాడికి సిగ్గు. తల్లి గొంతు వినగానే "అమ్మా, అదీ..." అని ఆగిపోయాడు. "ముందు కనపడు, తర్వాత తిడతాను" అంది అత్తయ్య.

కారు బయల్దేరింది. గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. ఒక చోట రోడ్డు తవ్వారు, ఇంకో చోట తవ్విన రోడ్డు పూడుస్తున్నారు, మూడో చోట రెండూ ఒకేసారి చేస్తున్నారు. మధ్యలో ఒక పాత బజారు తగిలింది. రంగు వెలిసిన మేడలు, చెక్క వసారాలు, వసారాల్లో పూలకుండీలు, ఒక ముసలాయన కుర్చీ వేసుకుని గడియారాలు బాగుచేస్తున్నాడు. ఎంత బాగుందో! అత్తయ్య కూడా అద్దం దించి తల బయట పెట్టింది.

"ఇదేనా బాబూ అసలు ఊరు?"

"ఒకప్పుడు అత్తయ్యగారూ. ఇప్పుడు ఊరు అటువైపు వెళ్ళిపోయింది. దీన్ని కూడా వచ్చే ఏడు తీసేస్తారు, వంతెన వస్తుంది."

"ఎక్కడికి వెళ్ళడానికి?"

"ఎక్కడికీ కాదు, త్వరగా దాటడానికి."

చంటాడు ఫోన్ చేశాడు. ఇలాగైతే అందరం చీకటిపడ్డా చేరమనీ, తను కూడా బయల్దేరి ఎదురొస్తాననీ, మధ్యలో ఫలానా పెద్ద మాల్‌లో కలుద్దామనీ చెప్పాడు. అన్నయ్య మొహం వెలిగింది. ఆ మాల్‌లో ఎస్కలేటర్లు వాళ్ళ కంపెనీవే.

మాల్ అంటే ఏమనుకున్నానో గానీ, అది చల్లటి ఊరు. ఎండ లేదు, దుమ్ము లేదు, నేల మీద మొహం చూసుకోవచ్చు. అత్తయ్య ఎస్కలేటరు మీద పాదం పెట్టి, పైకి చేరి, "బాగుందే, ఇంకోసారి" అని మళ్ళీ కిందికి వచ్చి మళ్ళీ ఎక్కింది. చంటాడు అప్పటికే వచ్చేశాడట.

"ఎక్కడున్నావురా?" అంది ఆడపడుచు ఫోన్లో.

"గ్రౌండ్ ఫ్లోర్‌లో అక్కా, ఫౌంటెన్ దగ్గర."

"మేమూ ఫౌంటెన్ దగ్గరే. ఇక్కడ పెద్ద జిరాఫీ బొమ్మ ఉంది, మెడకి ఎర్ర రుమాలు, కనిపిస్తోందా?"

"దాని కాళ్ళ దగ్గరే నిలబడ్డాను!"

మేము జిరాఫీ చుట్టూ తిరిగాం. ఇటునుంచి ఒకసారి, అటునుంచి ఒకసారి. మా ఆయన దాని పొట్ట కిందికి కూడా వంగి చూశాడు. ఆరడుగులు దాటిన మనిషి అక్కడ దాక్కునే వీల్లేదు.

"ఎదురుగా ఏముంది?"

"చెప్పుల కొట్టు. పక్కన ఐస్‌క్రీం."

మాకూ ఎదురుగా చెప్పుల కొట్టు. పక్కన ఐస్‌క్రీం.

"ఏమిట్రా వేళాకోళమా?" అని ఆడపడుచు గొంతు పెంచింది. "నువ్వే చేస్తున్నావు వేళాకోళం" అని వాడూ పెంచాడు. రెండేళ్ళ తర్వాత అక్కాతమ్ముళ్ళు కలవబోతున్నారు, అంతలోకే పోట్లాట. అత్తయ్య ఇద్దరినీ వదిలేసి సమాచార కేంద్రం అని రాసి ఉన్న బల్ల దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఒకమ్మాయి కూర్చుని ఉంది.

"మా అబ్బాయి ఇక్కడే తప్పిపోయాడమ్మా. మైకులో కాస్త పిలుస్తావా?"

"మైకులో పేర్లు పిలవం మేడమ్. రికార్డు చేసినవే వస్తాయి. మీరు మా యాప్‌లో వెతుక్కోవచ్చు." ఆ అమ్మాయి అత్తయ్య మొహం చూసి కాస్త మెత్తబడింది. "బాబు వయసెంత మేడమ్?"

"ముప్పై రెండు."

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించింది. "ఆయన ఏ బ్రాంచిలో ఉన్నారో అడిగారా?"

"బ్రాంచేమిటమ్మా?"

"ఊళ్ళో ఇవి నాలుగున్నాయి మేడమ్. అన్నీ ఒకేలా ఉంటాయి. జిరాఫీతో సహా."

వెనకనుంచి వచ్చిన మేమందరం ఆ మాట విన్నాం. అన్నయ్య వెంటనే ఫోన్ తీసి చంటాడున్న మాల్ ఎంత దూరమో చూశాడు. చూస్తూ ఉండిపోయాడు.

"చెప్పండి బాబూ. ముప్పావుగంటేనా?" అంది అత్తయ్య.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆయన్ని చూస్తే నాకు మొదటిసారి జాలేసింది.

అత్తయ్య ఫౌంటెన్ గట్టు మీద కూర్చుంది. ఆడపడుచు వీడియో కాల్ కలిపి ఫోన్ ఆవిడ చేతికిచ్చింది. తెరలో చంటాడు, వాడి వెనక జిరాఫీ కాళ్ళు. ఇక్కడ అత్తయ్య, ఆవిడ వెనకా జిరాఫీ కాళ్ళు.

"చిక్కిపోయావురా."

"లేదమ్మా, ఫోన్లో అలా కనిపిస్తాను."

"ఇవాళ ఏం తిన్నావు? నిజం చెప్పు."

"బ్రెడ్డు."

అత్తయ్య కళ్ళు తుడుచుకుని లేచింది. "రేపు మా రైలు మధ్యాహ్నం. ఉద్యోగాలుంటాయో పోతాయో నాకు తెలీదు, ఇద్దరూ స్టేషన్‌కి రండి. స్టేషను ఒకటే ఉందా, అదీ నాలుగున్నాయా?"

"పెద్దది ఒకటేనమ్మా."

"అయితే అక్కడికి రా."

మర్నాడు చంటాడు మాకంటే ముందే వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. దూరం నుంచే తెలిసిపోయాడు, జనం మీద తల తేలుతూ. ఆడపడుచు నడిచేదల్లా పరుగెత్తి, దగ్గరికి వెళ్ళాక ఏం చెయ్యాలో తెలియక, వాడి చొక్కా గుండీ సరిచేసింది. అన్నయ్య వాడి వీపు తట్టి "ఏరా, టీవీ చూస్తున్నానా నేను?" అన్నాడు. వాడు నేలచూపులు చూశాడు.

రైలు ఆలస్యమని బోర్డు మీద పడింది. మా ఊళ్ళో అయితే అత్తయ్య బోర్డుని తిట్టిపోసేది. ఇక్కడ ఆవిడ ఆ అక్షరాల వంక చూసి "పోనీలే, రానీ నింపాదిగా" అంది. ఆ ఊరు మాకు చేసిన మేలు ఏదైనా ఉంటే అదొక్కటే. అక్కడే ఒక బెంచీ మీద, ఆడపడుచు కట్టి తెచ్చిన అన్నం డబ్బాలు విప్పుకుని తిన్నాం. చంటాడు నిజంగానే రెండోసారి అడిగి వేయించుకున్నాడు. వాడు తింటుంటే ఆడపడుచు చూస్తూ కూర్చుంది. తను తినలేదు.

"అబద్ధం మొదలుపెట్టింది అక్కే" అన్నాడు చంటాడు మూతి తుడుచుకుంటూ.

"నేను ఒక్కసారి చెప్పాను. కడుపు పగిలిపోతోంది, తలుపు దాకా వచ్చి సాగనంపింది అని అల్లింది ఎవరు?"

"నువ్వు పాయింట్లు చెప్తే నేను కాస్త వివరంగా చెప్పాను."

"ఇద్దరూ ఒకళ్ళని మించినవాళ్ళు ఒకళ్ళు" అంది అత్తయ్య. "నాకు మీరు కలవలేదని కాదురా బాధ. ఆదివారం వచ్చేసరికి చెరో మూలా కూర్చుని, ఏం చెప్పాలా అని ఆలోచించుకుని ఉంటారు చూడు, అదీ. ఆ తెలివి రెండు నెలలకోసారైనా దారి వెతుక్కోవడానికి పెట్టకూడదా?"

ఆడపడుచు ఫోన్ మోగింది, ఆఫీసు నుంచి. అది చూసి, మొట్టమొదటిసారి, కట్టేసింది.

రైలొచ్చింది. చంటాడు సామాన్లన్నీ రెండు చేతుల్లో పట్టుకుని పెట్టెలోకి ఎక్కాడు. సీటు కింద సర్దాడు. తల్లి పక్కన ఒక్క నిమిషం కూర్చున్నాడు. ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని మాట్లాడుతూనే ఉంది. కిటికీ అవతల ఆడపడుచు చేతులూపుతోంది. వెళ్ళిరమ్మని చెబుతోందనుకుని నేనూ ఊపాను. తీరా చూస్తే ప్లాట్‌ఫారం వెనక్కి జరుగుతోంది.

"చంటీ, దిగరా!" అని అరిచాడు మా ఆయన.

వాడు లేచి తలుపు దాకా పరుగెత్తేసరికి రైలు వేగం అందుకుంది. దూకుతానన్నాడు. మా ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. ప్లాట్‌ఫారం చివర్లో ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. పక్కన అన్నయ్య అప్పుడే ఫోన్ తీసి ఏదో వెతుకుతున్నాడు.

చంటాడు దిగులుగా వచ్చి కూర్చున్నాడు. సాయంత్రం డ్యూటీకి వస్తానని మాటిచ్చాడట. ఈ రైలు ఎక్కడాగుతుందో, మళ్ళీ వెనక్కి ఎప్పుడు చేరతాడో. టిక్కెట్ల ఆయన వచ్చి, వాడిని పైనుంచి కిందిదాకా చూసి, సంగతి విని, "ఊరు దాటేముందు ఒక చిన్న స్టేషన్‌లో ఆగుతుంది, అక్కడ దిగిపో" అని పేరు చెప్పాడు.

చంటాడు నోరు తెరిచాడు. "అది మా గోడౌన్ వెనకే కదండీ!"

"కావచ్చు."

"అక్కడ రైలు ఆగుతుందా?"

"రోజూ ఆగుతుంది బాబూ. లోకల్ రైళ్ళయితే గంటకొకటి."

రెండేళ్ళుగా ఆ పట్టాల పక్కన పనిచేస్తూ, ఆ రైళ్ళ కూత వింటూ, అవి ఎక్కడికి పోతాయో ఎప్పుడూ అడగలేదు వాడు. అడిగే తీరిక ఎవరికుంది? అందరూ చూసేది రోడ్డునే. కిటికీలోంచి మేడలు పరుగెడుతుంటే వాడు ఒక్కొక్కటీ గుర్తుపడుతూ, అదేమిటి అప్పుడే ఇక్కడికి వచ్చేశామా, అదేమిటి అప్పుడే అని చిన్నపిల్లాడిలా లేచి నిలబడ్డాడు. అత్తయ్య వాడి మొహం చూస్తూ కూర్చుంది. చూడాలని వచ్చింది ఆ మొహమే.

చిన్న స్టేషన్‌లో రైలు ఆగింది. చంటాడు దిగి, కిటికీ దగ్గరికొచ్చి, తల్లి చెయ్యి కళ్ళకి ఒత్తుకున్నాడు. ఆ పక్కనే నీలం రేకుల గోడౌన్లు వరసగా కనిపిస్తున్నాయి. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని అక్కకి చెప్తున్నాడు. "వచ్చేశానక్కా... ఇక్కడే... కాదే బాబూ, అబద్ధం కాదు, ఒట్టు!"

పక్క ఆదివారం ఆడపడుచు వాడి గదికి బయల్దేరలేదు. బ్యాంకులో ఏదో పని తగులుకుంది. ఆ పై ఆదివారం ఆడపడుచూ అన్నయ్యా వెళ్ళారు. రైల్లో నిలబడ్డానికి కూడా చోటు లేదని అన్నయ్య దారి పొడుగునా సణిగాడట. చంటాడి గది చూడగానే ఆడపడుచు పొయ్యి తోమడం మొదలుపెట్టిందట. ఆ మేడకి లిఫ్టు లేదని తెలిసి, ఎక్కడ పెట్టొచ్చో కొలుస్తూ అన్నయ్య మెట్లన్నీ రెండుసార్లు ఎక్కి దిగాడట.

అత్తయ్య మళ్ళీ వెళ్తానంటోంది. ఈసారి చంటాడి గదిలోనే దిగుతుందట. మా ఆయన కొట్టులో కూర్చుని వంపు అద్దాల ధరలు విచారిస్తున్నాడు. ఎవరు కొంటారని అడిగితే, ఊరికే అంటాడు. నన్ను వస్తావా అని అడిగారు. ఆ దుమ్ములోకీ ఆ రొదలోకీ ఎవరొస్తారు అన్నాను. అని, పక్క వీధిలోకి వెళ్ళి నడవడానికి పనికొచ్చే చెప్పులు ఒక జత కొనుక్కున్నాను. కొట్టతను ఎక్కడికీ, ఎందుకూ, ఒక్కదానివేనా అని అడిగాడు.